పాత స్టీరింగుకి పాఠాంతరాలు

కారులో మనిషి ఒంటికి ఎప్పుడూ ఆనుకుని ఉండేవి రెండే, సీటు, స్టీరింగ్. సీటు చిరిగితే కొత్త గుడ్డ వేయిస్తారు, దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడరు. స్టీరింగ్ దగ్గరకొచ్చేసరికే గొడవంతా. అది ఎండకి పగుళ్ళిస్తుంది, చెమటకి రంగు దిగుతుంది, తిప్పగా తిప్పగా వేళ్ళ కింద గాళ్ళు అరిగి నున్నబడిపోతుంది. నడుమ ఉండే హారన్ బటన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మన రోడ్ల మీద దాని ఆయుష్షు మరీ తక్కువ. అందుకే పాత కార్లలో తొందరగా మారిపోయే వాటిలో ఈ రెండూ ఉంటాయి. 1950ల నాటి కారు తలుపు తీస్తే ఎదురుగా కనిపించే చక్రం ఆ కారుతోపాటు ఫ్యాక్టరీలో పుట్టిందా, దారిలో ఎక్కడో వచ్చి ఎక్కిందా అన్నది చూడగానే చెప్పగలిగే సంగతి కాదు.

పాత పుస్తకాలతో పరిచయం ఉన్నవాళ్ళకి ఈ చిక్కు కొత్తగా అనిపించదు. ఒక్కో తాళపత్ర ప్రతిలో పద్యం ఒక్కోలా ఉంటుంది. రాయసగాడు పొరబడి మార్చిన అక్షరం ఒకటుంటే, అర్థం కాక సులువు చేసిన మాట ఇంకోటి, ఎవరో భక్తితో ఇరికించిన పద్యం మరోటి. సీపీ బ్రౌన్ వేమన పద్యాల్ని 1829లో అచ్చు వేసేముందు ఎన్నో రాతప్రతులు పోగుచేసి, ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. పాత కార్లని బాగుచేసేవాళ్ళు స్టీరింగ్ ముందు చేసే పనీ ఇంచుమించు ఇదే. ఇది మూలమా, పాఠాంతరమా, ప్రక్షిప్తమా? తేల్చుకున్నాక ఇంకో ప్రశ్న వస్తుంది, మొదటిదానికంటే అదే కష్టం. ప్రక్షిప్తమని తేలినంత మాత్రాన తీసి పారేయాలా?

జవాబు వెతకాలంటే ముందు ఆ చక్రం అక్కడికెలా వచ్చిందో చూడాలి.

చుక్కాని కర్ర నుంచి చక్రం దాకా

మొదట్లో కార్లకి చక్రం లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిని తిప్పడానికి నిలువు కడ్డీ మీద ఒక చిన్న పిడి ఉండేది. ఆ తర్వాత వచ్చిన చాలా బండ్లకి పడవ చుక్కానికి ఉన్నట్టు ఒక కర్ర ఉండేది. గంటకి పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగానికి అది సరిపోయింది. వేగం పెరిగేకొద్దీ దాని గుణం బయటపడింది. ముందు చక్రం ఒక గుంటలో పడ్డా, రాయెక్కినా ఆ దెబ్బంతా తిన్నగా కర్రలోంచి చేతికొస్తుంది. ఒక్క క్షణం పట్టు తప్పిందా, బండి ఎటు పోతుందో దానికే తెలియదు.

ఫ్రాన్సులో పనార్ లెవస్సోర్ కంపెనీ భాగస్వామి ఎమీల్ లెవస్సోర్ ఆ రోజుల్లో పేరున్న పందెగాడు. 1896 పారిస్ - మార్సెయ్ పందెంలో అడ్డొచ్చిన కుక్కని తప్పించబోయి బండి బోల్తాపడింది. ఆయన పూర్తిగా కోలుకోలేదు, మరుసటి ఏడే చనిపోయాడు. ఆయన నడిపింది కర్రతో తిప్పే బండి. అప్పటికే 1894 పారిస్ - రువాఁ పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరోన్ అనే ఆయన తన పనార్ బండికి గుండ్రటి చక్రం బిగించుకుని వచ్చాడు. కారుకి స్టీరింగ్ చక్రం పెట్టిన తొలి సందర్భంగా చరిత్రకారులు సాధారణంగా చెప్పేది దాన్నే. లెవస్సోర్ తర్వాత ఆ కంపెనీ పగ్గాలు పట్టిన ఆర్థర్ క్రెబ్స్, 1898 పారిస్ - ఆమ్‌స్టర్‌డామ్ పందెం కోసం తయారుచేసిన బండికి కర్ర తీసేసి, డ్రైవరు వైపు వాలి ఉండే చక్రం పెట్టాడు. ఇవాళ మనం పట్టుకునే స్టీరింగ్ వాలు కూడా ఆ వరసలోదే.

చక్రంతో వచ్చిన లాభం రెండు చేతులకి పట్టు దొరకడం ఒక్కటే కాదు. చక్రానికీ ముందు టైర్లకీ మధ్య పళ్ళచక్రాల పెట్టె ఒకటి పెట్టొచ్చు. చేతులు చాలా దూరం తిరిగితే టైర్లు కొంచెమే తిరుగుతాయి. టైరుకి తగిలిన దెబ్బ చేతికి వచ్చేసరికి చాలావరకు చచ్చిపోతుంది. పవర్ స్టీరింగ్ లేని కాలంలో అంత బరువు బండిని చేతులతో తిప్పాలంటే ఈ పళ్ళ లెక్కతోపాటు చక్రం కూడా పెద్దదిగా ఉండాలి. పాత కార్లలో 16, 17 అంగుళాల స్టీరింగులు కనిపించడానికి కారణం అదే, డాబు కోసం కాదు.

కొత్త చక్రం నడుమ ఉన్న చోటు ఖాళీగా మిగల్లేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ లో స్టీరింగ్ కింద రెండు మీటలుంటాయి. ఎడమది ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సర్దడానికి, కుడిది ఇంధనం పెంచడానికి. మన హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటి కనిపిస్తుంది. 1912 నాటిది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైంది గానీ, ఆయన 1911లోనే కన్నుమూశారు. ఆ మోడలు కార్లలో కూడా ఇంజను మీటలు స్టీరింగ్ చక్రం నడుమే ఉండేవి. ఈ మీటలు కనిపించాయంటే, లేదా అవి తీసేసిన చోట బొక్కలూ బ్రాకెట్లూ మిగిలాయంటే, ఆ చక్రం వయసు గురించి సగం కబురు అందినట్టే.

బూర నుంచి బటన్ దాకా

కారు రోడ్డెక్కిన తొలినాళ్ళలో అది వస్తోందని ఊరికి చెప్పే పని మనిషిదే. 1865 నాటి ఇంగ్లండు చట్టం ప్రకారం రోడ్డు మీద ఇంజనుతో నడిచే బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1878లో జెండా షరతు సడలింది, 1896లో తేలిక బండ్లకి ముందు మనిషి నడవాలన్న నియమమే పోయింది. ఆ మనిషి పోయాక ఆ పని శబ్దం మీద పడింది.

రబ్బరు తిత్తి, ఇత్తడి బూర, మధ్యలో హార్మోనియంలో ఉండేలాంటి ఒక రీడు. నొక్కితే తిత్తిలోని గాలి రీడుని వణికిస్తుంది, బూర ఆ వణుకుని పెద్దది చేస్తుంది. అంతే యంత్రం. ఐరోపా కార్ల మీద అది ఎప్పుడో మాయమైనా మన ఊళ్ళలో మాత్రం చాలాకాలం బతికింది. ఆటోల పక్కనా, ఐస్‌క్రీం బండ్ల మీదా పొంయ్ పొంయ్ మన్న బూర హారన్ వినని చిన్నతనం చాలామందికి ఉండదు. అప్పట్లో కారుకి ఈ బూరని స్టీరింగుకో, తలుపు పక్కనో బిగించేవాళ్ళు. రబ్బరు తిత్తి కొన్నేళ్ళకే ఎండిపోతుంది కాబట్టి ఇవాళ దొరికే పాత బూరల్లో ఇత్తడి అసలుదైనా తిత్తి తర్వాతిదై ఉండే అవకాశమే ఎక్కువ.

1908 ప్రాంతంలో అమెరికాలో క్లాక్సన్ వచ్చింది. దాన్ని కనిపెట్టిన మిల్లర్ రీస్ హచిసన్ అంతకుముందు చేసింది, వినికిడి తగ్గినవాళ్ళ కోసం కరెంటుతో పనిచేసే చెవి యంత్రం! చెవిటివాళ్ళకి వినిపించడానికీ, వినగలిగేవాళ్ళని అదరగొట్టడానికీ పనికొచ్చే రేకు ఒకటేనని ఆయనకి తెలిసినట్టుంది. క్లాక్సన్‌లో చిన్న మోటారు ఒక పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఆ పళ్ళు డయాఫ్రం అనే పల్చటి ఇనప రేకు నడుమ ఉన్న బొడిపెని వరసపెట్టి కొడతాయి. మోటారు వేగం అందుకునేటప్పుడు గొంతు పైకి లేస్తుంది, ఆపగానే కిందికి జారుతుంది. పాత సినిమాల్లో కార్లు 'ఆఊగా' అని అరిచేది ఇదే. గట్టిగా అరవడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికా పేరు పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో విషవాయువు దాడి జరిగినప్పుడు సైనికుల్ని హెచ్చరించడానికి ఈ హారన్లే మోగించారు. రోడ్డు మీద చికాకు పెట్టిన గొంతే అక్కడ ప్రాణాలు కాపాడింది.

1920లలో మోటారు, పళ్ళచక్రం రెండూ అక్కర్లేని విద్యుత్ హారన్ స్థిరపడింది. బాష్ కంపెనీ తన హారన్‌ని 1921లో తెచ్చింది. ఇందులో ఉన్నది కాలింగ్ బెల్లు సూత్రమే. కరెంటు వెళ్ళగానే అయస్కాంతం రేకుని లాగుతుంది, రేకు లాగబడగానే కాంటాక్టు విడిపోయి కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి వస్తుంది, మళ్ళీ కాంటాక్టు కలుస్తుంది. సెకనుకి కొన్ని వందలసార్లు ఈ తంతు జరిగితే మనకి వినిపించేది ఒక స్వరం. పెద్ద కార్లకి రెండు హారన్లు జతగా పెట్టేవాళ్ళు, ఒకటి మంద్రం, ఒకటి తారం. కొన్నింటిలో రేకు ముందు ఇంకో గట్టి పళ్ళెం ఉంటుంది, వాటి గొంతు కీచుగా దూరం పోతుంది. కొన్నింటిలో నత్తగుల్లలా చుట్టుకున్న గాలి గొట్టం ఉంటుంది, వాటి గొంతు గుండ్రంగా ఉంటుంది.

తిరిగేదానికి తీగ

హారన్‌కి కరెంటు వచ్చాక బటన్‌ని చేతికి అందే చోట పెట్టాలి. స్టీరింగ్ నడుమ కంటే అందే చోటు ఏముంది? కానీ అక్కడే పెద్ద చిక్కొచ్చింది. చక్రం తిరుగుతుంది. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. తిరిగే వస్తువుకి తీగ కడితే నాలుగో మలుపులో తెగి ఊరుకుంటుంది.

దీనికి రెండు దారులు దొరికాయి. మొదటిది, చక్రం కింద ఒక రాగి వలయం పెట్టి, దాని మీద స్ప్రింగుతో ఒరుసుకునే బ్రష్షు ఒకటి పెట్టడం. చక్రం ఎంత తిరిగినా బ్రష్షు వలయాన్ని వదలదు. రెండోది బ్రిటిష్ కార్లలో ఎక్కువగా కనిపించేది. స్టీరింగ్ కాలమ్ మధ్యలోంచి తిరగని సన్నటి గొట్టం ఒకటి పంపుతారు. చక్రం తిరుగుతుంది గానీ దాని నడిబొడ్డున ఉన్న బటన్ కదలకుండా నిలబడి ఉంటుంది. తీగలు ఆ గొట్టంలోంచి కాలమ్ పొడవునా దిగి, స్టీరింగ్ పెట్టెని దాటి, అడుగున బయటికొస్తాయి. హారన్ తీగతోపాటు ట్రాఫికేటర్ తీగలూ అందులోంచే. ఇండికేటర్ లైట్లకి ముందు కారు పక్క స్తంభంలోంచి చెయ్యి చాచినట్టు బయటికొచ్చే చిన్న రెక్కలుండేవి, వాటి పేరే ట్రాఫికేటర్.

ఈ ఏర్పాటు తెలియకుండా పాత స్టీరింగ్ జోలికి వెళ్ళకూడదు. చక్రం, దాని నడుమ బటన్, కింద వలయమో గొట్టమో, బయట హారన్, ఇవన్నీ కలిపి ఒకే వాక్యం. అందులో ఒక మాట మారిస్తే మిగతావి పొసగవు. బజార్లో అందంగా కనిపించిన చక్రం తెచ్చి బిగిస్తే బండి తిరగడం తిరుగుతుంది, హారన్ మాత్రం మోగదు. అప్పుడు డాష్‌బోర్డు కింద విడిగా ఒక బెల్లు స్విచ్చు పెట్టేస్తారు. పాత కారులో అలాంటి స్విచ్చు కనిపించిందంటే పైనున్న చక్రాన్ని అనుమానించాల్సిందే.

గుర్తుపట్టడం

ఎద్దుబండి చక్రానికి మనవాళ్ళు పెట్టుకున్న పేర్లు ఇక్కడా పనికొస్తాయి. నడుమ కుండ, దాన్నుంచి ఆకులు, చుట్టూ పూటీలు. స్టీరింగ్‌ని కూడా ఆ మూడు చోట్లే చదవాలి.

చుట్టూ ఉండే వలయంతో మొదలుపెడదాం. తొలినాటివి కర్రవి. తర్వాత ఇనప కడ్డీ మీద గట్టి రబ్బరు, దాని తర్వాత సెల్యులాయిడ్, రకరకాల ప్లాస్టిక్కులు వచ్చాయి. 1930ల నుంచి 50ల దాకా వాడిన ప్లాస్టిక్కులు కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి. లోపలి ఇనుము కుంచించుకోదు కాబట్టి పైపొర చీలక తప్పదు. ఆకులు వలయాన్ని కలిసే చోట పగుళ్ళు ఎక్కువ. అంచేత అరవై ఏళ్ళ నాటి ప్లాస్టిక్ చక్రం ఒక్క పగులూ లేకుండా మెరుస్తుంటే సంతోషించే ముందు కొంచెం ఆగాలి. ఎవరో మంచి పనివాడు బాగుచేసి ఉండాలి, లేదా అది కొత్తగా పోసిన నకలై ఉండాలి.

ఆకులు కాలాన్ని ఇంకా స్పష్టంగా చెబుతాయి. 1930లలో పేరుపడ్డవి బ్యాంజో చక్రాలు. ఒక్కో ఆకూ ఒకే దిమ్మ కాకుండా, వీణ తీగల్లా పక్కపక్కన పేర్చిన సన్నటి స్ప్రింగు ఉక్కు తీగల గుత్తి. రోడ్డు అదురు చేతికి రాకముందే ఈ తీగల్లో ఇంకిపోయేది. ఇంగ్లండులో కవెంట్రీ దగ్గరి బ్లూమెల్ కంపెనీ ఇలాంటి వాటిని బ్రూక్‌లాండ్స్ పేరుతో అమ్మేది, అది ఒక రేసు ట్రాక్ పేరు. అంతకుముందు నుంచీ ఆ కంపెనీ సైకిల్ పంపులకీ మడ్‌గార్డులకీ ప్రసిద్ధి. ఇలా బయటి కంపెనీలు చేసిన చక్రాలు కారు కొన్నాక సరదాపడి వేయించుకున్నవై ఉండొచ్చు. అలాంటివి ఫ్యాక్టరీ చక్రాలు కావు గానీ, ఆ కాలానివే. 1950లలో ఇటలీలో రేసు డ్రైవరు ఎన్రికో నార్డీ పేరుతో వచ్చిన కర్ర చక్రాలదీ ఇదే కథ. ఫ్యాక్టరీ కాగితాలు చూస్తే అవి ప్రక్షిప్తాలు, చేతికెక్కి డెబ్బై ఏళ్ళయింది.

మూడోది కుండ. గుర్తింపుకి అసలు సాక్ష్యం ఇక్కడే. నట్టు తీస్తే లోపల స్ప్లైన్లు అనే సన్నటి పళ్ళు కనిపిస్తాయి. కొన్నిట్లో పళ్ళకి బదులు కిందికి వెడల్పయ్యే షాఫ్టు, దానికో గాడి, ఆ గాడిలో అర్ధచంద్రం లాంటి చిన్న కీ ఉంటాయి. పళ్ళు లెక్కపెట్టాలి, వ్యాసం కొలవాలి, లోతు చూడాలి. చూపుకి ఒకేలా ఉన్న రెండు చక్రాలు ఇక్కడ విడిపోతాయి. కుండ వెనక పోతలో పార్టు నంబరు ఉందేమో చూడాలి. లోపల లేతు మీద కోసిన కొత్త గీతలూ, వెల్డింగు మచ్చలూ ఉంటే వేరే కారు చక్రాన్ని తెచ్చి దీనికి అమర్చారని అర్థం.

హారన్ ఇంకా నయం, తన పుట్టినరోజు తానే చెబుతుంది. బ్రిటిష్ కార్లకి ఎక్కువగా విద్యుత్ సామాన్లు అందించిన లూకాస్ కంపెనీ వాటి మీద మోడలు పేరుతోపాటు నెల, సంవత్సరం గుద్దేది. 3 58 అని ఉంటే అది 1958 మార్చిది. కారు తయారైన తేదీకి కొన్ని వారాలో నెలలో ముందుంటే అది కారుతో వచ్చినదనుకోవచ్చు. తర్వాతిదైతే మార్చినట్టే. పుస్తకం ముద్రణ పేజీ చూసి కూర్పు తేల్చుకోవడం లాంటిదే ఇది. తుప్పు గోకేసి రంగు కొట్టే ఉత్సాహంలో చాలామంది మొదట చెరిపేసేది ఈ అంకెల్నే.

ఇక అరుగుదల. కుడిపక్క స్టీరింగ్ ఉండి, గేరు కర్ర కాలమ్‌కి ఎడమ పక్కనున్న కారులో ఎడమ చెయ్యి మాటిమాటికీ గేరు మీదికి పోతుంది. చక్రాన్ని అంటిపెట్టుకుని ఉండేది కుడి చెయ్యి. కాబట్టి కుడివైపు ఎక్కువ అరిగి ఉండాలి. ఎడమవైపు అరిగి, కుడివైపు గాళ్ళు పదునుగా ఉంటే ఆ చక్రం ఎడమ స్టీరింగ్ దేశం నుంచి వచ్చిందేమోనని ఆలోచించాలి. ఇది రుజువు కాదు, ఆనవాలు. మిగతా ఆనవాళ్ళతో కలిస్తే బలం వస్తుంది.

బిగించడం

చక్రం ఊడదీయడంలోనే చాలా చక్రాలు పోతాయి. అరవై ఏళ్ళ తుప్పు దాన్ని షాఫ్టుకి కరిపించి ఉంచుతుంది. కింద నుంచి సుత్తితో కొడితే చక్రం కంటే ముందు కాలమ్ బేరింగు, స్టీరింగ్ పెట్టె దెబ్బతింటాయి. పుల్లర్ పెట్టి నెమ్మదిగా లాగాలి. అంతకంటే ముందు రెండు పనులున్నాయి. బ్యాటరీ తీగ తీసేయాలి. షాఫ్టు మీదా కుండ మీదా ఒకే వరసలో గుర్తు పెట్టుకోవాలి. నట్టుని పూర్తిగా తీసేయకుండా నాలుగైదు చుట్లు వదిలి ఉంచడం పాత మెకానిక్కుల అలవాటు. పట్టు ఒక్కసారిగా వదిలినప్పుడు చక్రం మొహం మీదికి రాకుండా ఆ నట్టే ఆపుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు ఆకులు వంకరగా కనిపిస్తే చక్రాన్ని ఒక పన్ను జరిపేసి సరిపెట్టేస్తారు. అది తప్పుదారి. పాత స్టీరింగ్ పెట్టెలు నేరుగా పోయే స్థితిలో అన్నిటికంటే బిగువుగా ఉండేలా చేసి ఉంటాయి. ముందు పెట్టె సరిగ్గా ఆ నడిమి స్థానంలో ఉందో లేదో చూసి, టైర్లు నేరుగా ఉన్నాయో లేదో చూసి, ఆఖర్న చక్రం సంగతి చూడాలి. లేకపోతే చక్రం తిన్నగా కనిపిస్తుంది, బండి నేరుగా పోతున్నప్పుడు మాత్రం స్టీరింగ్ వదులుగా ఊగుతుంది.

పగుళ్ళని పూడ్చడానికి వాటిని ముందు ఇంకా పెద్దవి చేయాలి. ఆకురాయితో వి ఆకారంలో గాడి తీసి, లోపలి ఇనుము మీది తుప్పు గోకి, ఎపాక్సీ నింపి, ఆరాక ఎమరీ పేపరుతో వేళ్ళ గాళ్ళు మళ్ళీ తీర్చిదిద్దాలి. పగులు మీద ఊరికే పూత పూస్తే ఒక ఎండాకాలం కూడా ఆగదు.

హారన్ మోగకపోతే హారన్‌ని తిట్టే ముందు ఎర్త్ చూడాలి. చాలా పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ హారన్ దాకా వచ్చి కూర్చుంటుంది. బటన్ చేసేది ఎర్త్ కలపడమే. కాలమ్‌కి కొత్తగా వేసిన రంగో, మధ్యలోని రబ్బరు జాయింటో ఎర్త్‌ని అడ్డుకుంటే హారన్ మూగబోతుంది. అదే కాలమ్ లోపల తీగ పైతొడుగు ఊడి ఇనుముకి తగిలితే, అర్ధరాత్రి ఎవరూ ముట్టకుండానే వీధంతా లేచేలా మోగుతుంది. కాంటాక్టులు శుభ్రం చేసి, హారన్ వెనకున్న చిన్న స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ వింటే చాలావాటి గొంతు తిరిగొస్తుంది. మధ్యలో ఒక రిలే పెడితే పాత బటన్ మీద కరెంటు భారం తగ్గుతుంది. రిలే బయటికి కనిపించదు, కావాలంటే రేపు తీసేయొచ్చు.

ఈటె

ఇంతవరకు అసలుది దొరికితే అదృష్టం అన్నట్టే మాట్లాడుకున్నాం. అసలు చక్రానికి ఇంకో చరిత్ర ఉంది.

పాత కార్లలో చాలావాటి స్టీరింగ్ కాలమ్ ఒకే ముక్క ఇనప కడ్డీ. దాని ఒక కొస బండి ముందుభాగంలో, రెండో కొస డ్రైవరు రొమ్ముకి ఎదురుగా ఉంటుంది. ఎదురుగా వచ్చిన దేన్నైనా గుద్దితే బండి ముందుభాగం వెనక్కి నలుగుతుంది, కడ్డీ దానితోపాటు వెనక్కి వస్తుంది. అదే క్షణంలో మనిషి ముందుకి విసిరేయబడతాడు. సీటు బెల్టు లేదు. కుండ మీదున్న క్రోమియం బటన్ అతని ఛాతీని కలుసుకుంటుంది. సన్నటి హారన్ వలయం విరిగితే కత్తి. చిన్న గుద్దులకే డ్రైవర్లు చనిపోవడం వెనకున్న కారణాల్లో ఇదొకటి.

1956 మోడలు కార్లకి ఫోర్డ్ కంపెనీ గిన్నెలా లోతుగా ఉండే చక్రం పెట్టింది. వలయం ముందుకీ కుండ వెనక్కీ ఉంటే ముందు వలయం వంగుతుంది, కుండ ఛాతీని చేరేలోపు కొంత వేగం చస్తుంది. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకం ఈ సంగతిని ఇంజనీర్ల గదుల్లోంచి జనంలోకి తెచ్చింది. కారు దేన్నో గుద్దడం మొదటి ఢీ, లోపలి మనిషి కారుని గుద్దుకోవడం రెండో ఢీ, చంపేది ఆ రెండోదేనన్నది అందులో ఒక ముఖ్యమైన వాదం. 1966లో అమెరికా వాహన భద్రత చట్టం వచ్చింది. డ్రైవరు తగిలినప్పుడు స్టీరింగ్ ఆ దెబ్బని ఇముడ్చుకోవాలనీ, గుద్దినప్పుడు కాలమ్ వెనక్కి పొడుచుకు రాకూడదనీ రెండు ప్రమాణాలు 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాతే నలిగిపోయే కాలమ్‌లు, మెత్తటి కుండలు మామూలయ్యాయి, హారన్ వలయాలు మెల్లగా కనుమరుగయ్యాయి.

కర్ర లెవస్సోర్‌ని పడేసింది, దాని స్థానంలో వచ్చిన చక్రం ఎందరినో పొడిచింది. ఇవాళ వేలం పాటల్లో మురిపెంగా చూసుకునే మెరిసే కుండలు ఈ చరిత్రలోవే. అసలుతనం ఒక విలువే, కానీ దాన్ని రోడ్డు మీద చేతబట్టుకునేవాడికి అది ఏం చేయగలదో కూడా తెలియాలి. దీనికి తలకిందులు తప్పు ఇంకోటి ఉంది. ఎయిర్‌బ్యాగుతో వచ్చిన కొత్త కారుకి అందం కోసం పాత కర్ర చక్రం బిగించడం. ప్రాణాలు పెట్టి నేర్చుకున్న పాఠాన్ని చింపేయడమే అది. 17 అంగుళాల చక్రం తీసి 14 అంగుళాలది పెట్టేవాళ్ళు ఇంకో లెక్క మర్చిపోతారు. అదే టైర్లని తిప్పడానికి చేతులు ఇప్పుడు 20 శాతానికి పైగా ఎక్కువ బలం పెట్టాలి.

ఏ నాటి కారు?

మొదటి ప్రశ్నకి వద్దాం. ప్రక్షిప్తమని తేలిన చక్రాన్ని ఏం చేయాలి?

మన దేశంలో ఈ ప్రశ్నకి ఇంకో ముడి ఉంది. 1942లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ మోరిస్ కార్లని ఇక్కడ కొత్త పేర్లతో తయారుచేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ 1954లో ల్యాండ్‌మాస్టర్ అయింది, మూడో సిరీస్ 1957లో అంబాసిడర్ అయి 2014 దాకా సాగింది. 1950ల నుంచి విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. అంతకుముందు వచ్చిన బ్యూక్‌కో, ఆస్టిన్‌కో స్టీరింగ్ విరిగితే తెప్పించుకునే దారి లేదు. అప్పుడు లేతు మనిషి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. దొరికిన చక్రాన్ని తెచ్చి, కుండ కోసి, పాత బాస్‌కి వెల్డింగు పెట్టి నడిపించేవాళ్ళు. లారీ స్టీరింగులకి రంగురంగుల ప్లాస్టిక్ వైరు అల్లినట్టు, పగిలిన చక్రానికి వైరు చుట్టి ఇంకో పదేళ్ళు లాగేవాళ్ళు. అలాంటి కారులో ఉన్న తప్పుడు స్టీరింగ్, ఆ కారు ఇండియాలో బతికిందనడానికి అన్నిటికంటే నిజమైన సాక్ష్యం. దాన్ని పీకేసి విదేశం నుంచి మెరిసే నకలు తెప్పించి పెడితే కారు 1948లో షోరూమ్‌లో ఉన్నట్టే ఉంటుంది. ఆ తర్వాతి బతుకంతా చెరిగిపోతుంది. పైగా ఆ నకలు నిన్నగాక మొన్న చేసింది.

చట్టం ఇక్కడ పెద్దగా సాయం చేయదు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన సొంత వాహనాలకి వీఏ అక్షరాలతో వేరే రిజిస్ట్రేషన్ వరస తెచ్చింది. చాసీ, బాడీ, ఇంజను మార్చకుండా మొదటి రూపంలో ఉంచాలన్నది షరతు. స్టీరింగ్, హారన్ సంగతి యజమాని వివేకానికే మిగిలింది.

ప్రపంచవ్యాప్తంగా పాత వాహనాల సంఘాల సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఛార్టర్ ఇక్కడ పనికొస్తుంది. పాత కట్టడాల పరిరక్షణ కోసం 1964లో వెనిస్‌లో రాసుకున్న నియమాలే దానికి ఒరవడి. దాని సారం ఇది. ఉన్నదాన్ని వీలైనంత వరకు కాపాడండి. భద్రత కోసం ఏదైనా మార్చాల్సి వస్తే, మళ్ళీ వెనక్కి తీసుకోగలిగేలా మార్చండి. కొత్తగా పెట్టిన భాగం కొత్తదని తెలిసేలా గుర్తు పెట్టండి. తీసేసిన అసలు భాగాన్ని పారేయకుండా బండితోపాటే ఉంచండి.

మంచి పరిష్కర్తలు చేసేదీ ఇదే. తనకి సరైనదని తోచిన పాఠాన్ని పైన అచ్చువేసి, మిగతా పాఠాంతరాల్ని పేజీ అడుగున ఉంచుతాడు. రేపు ఇంకెవరికైనా కొత్త ప్రతి దొరికితే, ఆయన నిర్ణయం తప్పని తేలితే, సరిదిద్దుకోవడానికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. కారుకి పేజీ అడుగు అంటే డిక్కీయే. తీసేసిన చక్రాన్ని గుడ్డలో చుట్టి, ఒక అట్టముక్క కట్టి, ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో, కుండలో ఎన్ని పళ్ళున్నాయో, హారన్ మీద ఏ నెల గుద్ది ఉందో నాలుగు ముక్కలు రాసి పెడితే చాలు. తర్వాత ఆ కారు ఎవరి చేతికి వెళ్తుందో వాళ్ళు చదువుకుంటారు.